తొక్కే కదా అని తీసిపారేయకండి!

మిఠాయి అనగానే తెలుగువారి వంటింట్లో ముందు గుర్తొచ్చేది పాకం. తీగపాకమా, ఉండపాకమా... చూసుకుంటూ ఉండాలి. ఒక్క నిమిషం ఏమరుపాటుగా ఉంటే అరిసెలు రాళ్లవుతాయి, సున్నుండల్లాంటివి తప్ప మిగతావన్నీ మొరాయిస్తాయి. పైగా సలసల కాగే పాకం చేతిమీద పడితే ఓ పట్టాన వదలదు, మరిగే నీళ్లకన్నా ఎక్కువే కాలుస్తుంది. అందుకే 'నేనూ చేస్తా' అంటూ పిల్లలొస్తే పెద్దవాళ్లు ముందుగా వాళ్లని పొయ్యికి దూరంగా పంపిస్తారు. అలాంటిది పొయ్యి ఊసే లేకుండా పదేళ్ల పిల్లలు కూడా తమంతట తాము చేయగలిగే మిఠాయి ఒకటుంది. అదే నిమ్మ, కమలా సువాసనలతో నోట్లో వేసుకోగానే కరిగిపోయే క్రీమ్ చీజ్ క్యాండీ.

అమెరికాలో 'క్రీమ్ చీజ్ మింట్స్' పేరుతో చేసే చిన్నచిన్న బిళ్లలకు ఇది తోబుట్టువు. అక్కడ పెళ్లి విందుల్లోనూ మన సీమంతాన్ని పోలిన బేబీ షవర్ వేడుకల్లోనూ వాటిని గిన్నెల్లో పోసి అతిథుల ముందు పెడతారు. వాటికి పుదీనా ఘాటు ఉంటుంది. ఆ ఘాటు బదులు నిమ్మజాతి పండ్ల పరిమళాన్ని చేరిస్తే చాలు, మన క్యాండీ సిద్ధం.

పేచీ అంతా నీళ్లతోనే!

కావలసినవి వేళ్లమీద లెక్కపెట్టేటన్నే. పొయ్యితో పనిలేదు. అయినా మొదటిసారి చేసేవాళ్లలో చాలామందికి ఇది ముద్దకట్టకుండా జావలా జారిపోతుంది. కారణం నిమ్మరసం. నిమ్మ రుచి కావాలంటే రసం పిండాలి కదా అనుకోవడం సహజం. కానీ ఇక్కడ అదే కొంప ముంచుతుంది.

పాకం పట్టడమంటే అసలు జరిగేదేమిటి? మంటమీద నీళ్లని ఆవిరిగా పంపించేయడం. ఎంత నీరు పోతే పాకం అంత గట్టిపడుతుంది. ఈ క్యాండీకి పొయ్యే లేదు కాబట్టి ఒకసారి లోపలికొచ్చిన నీళ్లు బయటికి పోయే దారి లేదు. మామూలు వేడిలో ఒక గ్రాము నీరు దాదాపు రెండు గ్రాముల పంచదారని కరిగించేస్తుంది. అంటే ఒక్క టీస్పూను రసం పోస్తే పది గ్రాముల చక్కెర కరిగి పానకమైపోతుందన్నమాట.

క్రీమ్ చీజ్‌లోనూ నీరుంటుంది. అమెరికా ప్రమాణాల ప్రకారం అందులో కొవ్వు కనీసం 33 శాతం ఉండాలి, తేమ 55 శాతానికి మించకూడదు. అంటే వంద గ్రాముల చీజ్‌లో ఉండే నీరు సుమారు 110 గ్రాముల చక్కెరని కరిగించుకుంటుంది. ఆపైన వేసిన చక్కెర కరగకుండా సన్నటి పొడిగానే మిగిలి, ముద్దకి గట్టిదనాన్నిస్తుంది. చీజ్‌కి మూడున్నర రెట్లు చక్కెర వేయడానికి కారణం ఇదే.

మరి పరిమళం ఎలా? అది రసంలోకన్నా తొక్కలోనే ఎక్కువ. కమలా తొక్కని వంచితే చిమ్మే తుంపర సువాసన నూనే. తొక్కమీద కనిపించే సన్నటి చుక్కలన్నీ ఆ నూనె తిత్తులే. ఆ నూనె నీటిలో కలవదు కానీ కొవ్వులో చక్కగా కరుగుతుంది. క్రీమ్ చీజ్‌లో ఉన్నదే కొవ్వు కదా! అందుకే తొక్క తురుము వేస్తే పరిమళం ముద్దంతా పట్టుకుంటుంది, నీటి బెడదా ఉండదు.

కావలసినవి

క్రీమ్ చీజ్: 100గ్రా., ఐసింగ్ షుగర్: 350గ్రా., కమలాపండు: ఒకటి, నిమ్మకాయలు: రెండు, మామూలు పంచదార: రెండు టీస్పూన్లు (పైన దొర్లించడానికి మరో మూడు), ఉప్పు: చిటికెడు.

తయారుచేసే విధానం

* పండ్లని గోరువెచ్చని నీళ్లతో రుద్ది కడిగి, తడి లేకుండా తుడవాలి. దూరప్రాంతాల నుంచి వచ్చే పండ్లకి మైనం పూత ఉండొచ్చు కాబట్టి ఈ పని తప్పనిసరి.

* కమలాపండుని ఒలవకుండా, నిమ్మకాయల్ని కోయకుండా సన్నటి రంధ్రాలున్న తురుముపీటమీద పైపైనే తురమాలి. రంగున్న పొర వరకే. తెల్లభాగం కనిపించగానే ఆపేయాలి, అది చేదు. మన నిమ్మకాయ తొక్క మరీ పల్చన కాబట్టి చెయ్యి తేలిగ్గా ఆడించాలి. పిల్లలకు వేళ్లు గీసుకుపోతాయి, ఈ ఒక్క పనీ పెద్దవాళ్లు చేసివ్వడం మంచిది.

* తురుములో రెండు టీస్పూన్ల పంచదార వేసి వేళ్లతో నలపాలి. పలుకుల రాపిడికి నూనె బయటికొచ్చి, పంచదార తడి ఇసుకలా మారుతుంది. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది.

* దీన్ని క్రీమ్ చీజ్‌లో వేసి, ఉప్పు జోడించి మెత్తగా కలపాలి. జల్లించిన ఐసింగ్ షుగర్‌ని నాలుగైదు విడతలుగా వేస్తూ చపాతీ పిండిలా అయ్యేవరకూ కలపాలి. మూతపెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి.

* చిన్న ఉసిరికాయంత ఉండలు చేసి, పంచదారలో దొర్లించి, ఫోర్కుతో మెల్లగా నొక్కితే గీతలు పడిన బిళ్లలవుతాయి. బటర్ పేపర్ పరిచిన పళ్లెంలో పేర్చి, మూతపెట్టకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే పైన పలచటి పొర కట్టి, లోపల వెన్నలా ఉంటాయి. సుమారు 55 క్యాండీలు వస్తాయి.

తెలుసుకుంటే తేలిక

* పుల్లదనం కూడా కావాలంటే పైన దొర్లించే పంచదారలో చిటికెడు నిమ్మ ఉప్పు కలపాలి. పొడి కాబట్టి ముద్ద జారదు.

* 'చీజ్ స్ప్రెడ్' వేరు, క్రీమ్ చీజ్ వేరు. మొదటిది ఉప్పగా ఉంటుంది. 'లైట్' రకంలో నీరెక్కువ. గుడ్డలో కట్టి వడగట్టిన పెరుగులోనూ తేమ ఎక్కువే, దాంతో శ్రీఖండ్ బాగుంటుంది కానీ క్యాండీ నిలవదు.

* ఐసింగ్ షుగర్ దొరక్కపోతే పొడిగా ఉన్న మిక్సీ జారులో కప్పు పంచదారకి ఒక టీస్పూను మొక్కజొన్న పిండి చేర్చి మెత్తగా పట్టి, జల్లించుకోవచ్చు. ఆ పిండే తేమని పీల్చుకుని గడ్డకట్టకుండా చూస్తుంది.

* ఉండ చేస్తుంటే చేతికి అంటుకుంటోందా? వెంటనే చక్కెర గుమ్మరించకండి. చేతి వేడికి కొవ్వు కరిగి అలా అవుతుంది. మరో పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి చూడండి. పగుళ్లిస్తుంటే మాత్రం చక్కెర ఎక్కువైనట్టే, అరచెంచా చీజ్ కలపాలి.

* కమలా బదులు బత్తాయి, దబ్బకాయల తొక్కతోనూ చేయొచ్చు. దబ్బకాయ ఘాటెక్కువ, సగం తురుము చాలు.

ఎన్ని తినొచ్చు?

పొయ్యిమీద పెట్టలేదు, లోపలున్నది పాల పదార్థం. కాబట్టి మూతబిగిసే డబ్బాలో వేసి ఫ్రిజ్‌లోనే ఉంచాలి, వారంలోపే తినేయాలి. బయట రెండుగంటలకు మించి పెట్టకూడదు. మన వేసవిలో అయితే గంటే. స్కూలు బాక్సుకీ, బస్సు ప్రయాణానికీ ఇది తగిన మిఠాయి కాదు.

పొయ్యి లేదు కదా అని ఆరోగ్యానికి మంచిదనుకుంటే పొరపాటే. ఒక్కో క్యాండీలో ఆరేడు గ్రాముల చక్కెర ఉంటుంది. విడిగా కలుపుకునే చక్కెర రోజుకి సుమారు 25 గ్రాముల లోపే ఉంటే పెద్దవాళ్లకు మరింత మేలని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంటే నాలుగు తినేసరికి ఆ లెక్క నిండిపోతుంది. పిల్లలకైతే ఒకటి, మహా అయితే రెండు. మిగతావి ఇరుగుపొరుగుకి పంచితే చేసినవాళ్లకు మెచ్చుకోళ్లూ దక్కుతాయి.

తురిమిన పండ్లు త్వరగా ఎండిపోతాయి. కమలాపండుని ఆరోజే తినేసి, నిమ్మకాయల్ని పులిహోరకో షర్బత్‌కో పిండేసుకోవాలి. అసలు ఏ వంటకైనా పిండేశాక నిమ్మడిప్పలు తురుముకు లొంగవు. అందుకే ఈసారి పులిహోర చేసేరోజున కాయ కోయకముందే పైపొర తురిమి పక్కన పెట్టేయండి. రసం పెద్దల పులిహోరకి, తొక్క పిల్లల మిఠాయికి!