సుద్దగీతలో రూపము

మొన్న మేము ధర్పల్లిలో బంధువుల యింటికిఁ బోయినప్పుడు, వంటయింటి గోడమీఁది జాజుపూఁతపైఁ దెల్లసుద్దతో వ్రాసిన స్త్రీరూప మొకటి చూచితిమి. చంకను బిందె, వెనుకకుఁ దిరిగిన మొగము. ఆ యింటి యత్తగారు చాల యేండ్ల క్రిందట వ్రాసినదఁట. ఆమె యిప్పుడు లేదు. గోడలకు రంగు వేయింపఁబూనిన కోడలు, "చేయి వంకరపోయినది గదమ్మా! తుడిపించిన నేమి?" అని మమ్మడిగినది.

మేము వెంటనే బదులు చెప్పలేదు. సోదరీమణులారా, బొమ్మను జూడఁగానే పోలిక కుదిరినదా యని యడుగుట మన యలవాటు. అంతకంటె ముందడుగవలసినది, బరువెక్కడ నిలిచినదని. ఆ బొమ్మలో బిందె కుడిచంక నుండఁగా భుజము లెడమకు వాలినవి. కుడిమడమ క్రింద సుద్ద నొత్తిపట్టుటచే గీత లావైనది. వెన్ను మాత్ర మొక్క యూపులోఁ దీసిన సన్నగీత. ఎక్కడ నొత్తవలెనో, ఎక్కడఁ దేల్పవలెనో యా చేతికిఁ దెలియును. మూసముగ్గులలో నీ గుణము లేదు. గీత యంతటను నొకే లావు. మాకవి రుచింపవు.

ఇటలీదేశపు మైకెలాంజెలో 1508 మొదలు 1512 వఱకు రోమునగరములోని సిస్టీన్ ప్రార్థనాలయపు లోకప్పును జిత్రించెను. అందలి లిబియా ప్రవక్త్రి రూపమునకై యాతఁ డెఱ్ఱసుద్దతో వ్రాసికొనిన కాగితమును న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమువారు 1924లోఁ గొనిరి. మూరెడైన లేని కాగితము! స్త్రీరూపమునకు మగవాని నెదుట నిలుపుకొని వ్రాసెను. వీఁపంతయు మెలితిరిగియున్నది, వెలుఁగు పడుచోటఁ గాగిత మట్లే విడువఁబడినది, నీడలో గీతలు దగ్గఱపడినవి. అంతటితోఁ దృప్తిపడక, క్రింద మొగమును, ఎడమకాలి వ్రేళ్లను వేఱుగ మరల వ్రాసికొనెను. మెలితిరిగిన యా దేహభారము వ్రేళ్లమీఁదనే గదా నిలుచుట! ఆ యెఱ్ఱసుద్దయు నినుము కలిసిన మన్నే. మన గడపలకుఁ బూయు జాజునకుఁ జుట్టము.

ఈ ముచ్చట చెప్పి, కోడలి చేతికొక ఖాళీబిందె నిచ్చి, బొమ్మవలె నిలిచి వెనుకకుఁ జూడుమంటిమి. ఆమె నవ్వుచునే నిలిచినది. బిందెమెడను జుట్టిన తన చేయి గోడమీఁది చేతివలెనే వంగియుండుటఁ జూచుకొని, నవ్వు మాని, "అత్తమ్మ బిందె నెత్తుకొని చూచుకొనియే వ్రాసినదేమో" అన్నది.

ఇట్టివి మీ యిండ్లలోనున్నయెడలఁ దడిగుడ్డ తగులనీయకుఁడు. దీపపుఁ బొగ సోఁకనీయకుఁడు. ప్రక్కనుండి పగటివెలుఁగు పడునప్పుడు ఫోటో తీయించి యుంచుకొనుఁడు. సుద్దకు రాపిడియే శత్రువు.

రంగువేయువాఁడు వచ్చిన దినమున మూఁడు గోడలకే కూలి మాటలాడుకొన్నదని యామె మాకుఁ గబురంపినది.