అనువాదం చేస్తే చాలదు, ప్రశ్ననూ పరీక్షించాలి

బి.పి. యంత్రం సరిగా పని చేస్తోందో లేదో చూసుకోకుండా ఏ నర్సూ రోగి చేతికి పట్టీ కట్టదు. కానీ రోగిని అడిగే ప్రశ్నల విషయంలో మనం అంత జాగ్రత్త పడం. ఇంగ్లీషు ఫారం ఒకటి దొరికితే, ఇంగ్లీషు వచ్చినవారు ఎవరో ఒకరు కూర్చుని తెలుగులో రాసేస్తే పని అయిపోయిందనుకుంటాం. ఇది సరికాదని నా అభిప్రాయం. బ్రెజిల్ దేశంలో జరిగిన ఒక పని ఇందుకు మంచి ఉదాహరణ.

చెవికి ముందు, పుర్రెకూ కింది దవడకూ మధ్య ఉండే కీలు దెబ్బతింటే నోరు తెరవడం, నమలడం, ఆవలించడం కష్టమవుతుంది. ఎంత కష్టమో ఎక్స్‌రే చెప్పదు, రోగే చెప్పాలి. అందుకే నెదర్లాండ్స్‌లో స్టెగెంగా, ఆయన సహచరులు 1993లో 17 ప్రశ్నల పట్టిక ఒకటి ప్రచురించారు. మాట్లాడడం, నవ్వడం, తాగడం, ముద్దు పెట్టుకోవడం మొదలు గట్టి బిస్కెట్టు, మాంసం, పచ్చి క్యారెట్, ఫ్రెంచ్ బ్రెడ్, ఆపిల్ తినడం వరకు, ఒక్కొక్క దానిలో ఉన్న కష్టానికి 0 నుండి 4 వరకు మార్కు వేయాలి.

బ్రెజిల్‌లో కాంపోస్, ఆమె సహచరులు దీని పోర్చుగీసు అనువాదాన్ని పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. జవాబులు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా? మళ్లీ అడిగితే అదే రోగి అదే జవాబు చెబుతున్నారా? పట్టిక కొలవవలసినదాన్నే కొలుస్తోందా? వారు చూసినవి ఇవే.

ఇంత శ్రమ ఎందుకంటారా? బ్రెజిల్‌లో 'ఫ్రెంచ్ రొట్టె' అంటే బేకరీలో రోజూ కొనే, చేతిలో ఇమిడే చిన్న రొట్టె. ఫ్రాన్సులోని పొడవాటి రొట్టె వేరు. మాట ఒకటే, నమిలే పని వేరు.

మన సంగతి చూడండి. 'దవడ మీద కొట్టాడు' అంటే మనకు చెంప. 'దవడ పన్ను' అంటే లోపలి పన్ను. కాబట్టి 'దవడ నొప్పిగా ఉందా?' అని అడిగితే ఒకరు చెంప చూపిస్తారు, ఇంకొకరు పుచ్చిన పన్ను చూపిస్తారు. ఫ్రెంచ్ బ్రెడ్ ఎన్నడూ తినని తల్లికి ఆ ప్రశ్న ఎందుకు? చెక్కలు, జంతికలు అని అడిగితే ఆమెకు వెంటనే అర్థమవుతుంది. అయితే వాటి గట్టిదనం వేరు కనుక ఆ మార్పునూ పరీక్షించాలి. మాంసం తినని వారి సంగతేమిటి? ముద్దు గురించిన ప్రశ్నకు చాలామంది సిగ్గుపడి ఖాళీ వదిలేస్తే లెక్క ఎలా కట్టాలి? పళ్లు లేని తాతగారు 'నమలలేను బాబూ' అంటే అది కీలు జబ్బు కాదు కదా!

రోగుల రద్దీలో ఇదంతా ఎవరు చేస్తారని అడగవచ్చు. ఆ మాటలో నిజం ఉంది. పూర్తి పరీక్షకు ఎక్కువమంది రోగులు, గణాంక నిపుణుడు కావాలి. కానీ మొదటి మెట్లు మనకు అందనివి కావు. 2000 సంవత్సరంలో బీటన్, ఆమె సహచరులు ఇచ్చిన సూచనల ప్రకారం ఇద్దరు విడివిడిగా అనువదించాలి. మూలం చూడని మరి ఇద్దరు తిరిగి మూలభాషలోకి మార్చాలి. నిపుణులు తేడాలు సరిచూడాలి. ఆ తర్వాత 30 నుండి 40 మందిని అడిగి, 'మీకు ఏమని అర్థమైంది?' అని వారినే చెప్పమనాలి. చివరిది అన్నిటికన్నా ముఖ్యం. తిరుగు అనువాదం మాటల తప్పు పట్టుకుంటుంది గాని, చెక్కలకూ రొట్టెకూ ఉన్న తేడా పట్టుకోలేదు.

ఈ మార్కులు చూసే కొన్నిసార్లు చికిత్స సాగించాలా, ఆపాలా అని నిర్ణయిస్తారు. తప్పు ప్రశ్నకు తక్కువ మార్కు వస్తే నిజంగా బాధపడే రోగిని 'మీకు నయమైంది' అని ఇంటికి పంపేస్తాం. కనుక పరీక్షించని ఫారాన్ని రోగితో మాట కలపడానికి మాత్రమే వాడండి. దాని మార్కు మీద చికిత్స నిర్ణయించవద్దని మన డాక్టర్లను, నర్సులను కోరుతున్నాను.