బూటు ఖరీదు ఎముకకు తెలియదు

ఒక సోమవారం మా ఓపీకి గంట వ్యవధిలో ఇద్దరు వచ్చారు. ఇద్దరిదీ ఒకటే బాధ. మోకాలికీ చీలమండకీ మధ్య, కాలి ముందు ఎముక లోపలి అంచున నొప్పి. ఆ చోట వేలితో నొక్కగానే ఇద్దరూ కాలు వెనక్కి లాక్కున్నారు.

మొదటివాడు ఇరవై రెండేళ్ల కుర్రాడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్నాడు. రాతపరీక్ష గట్టెక్కాక నెల రోజులుగా పొద్దునా సాయంత్రం ఊళ్లో సిమెంటు రోడ్డు మీద పరుగే పరుగు. కాళ్లకు అరిగిపోయిన కాన్వాస్ బూట్లు. రెండో ఆయనకు నలభై నాలుగేళ్లు. మా ఆసుపత్రి పక్కనే ఉన్న బ్యాంకులో ఉద్యోగం. షుగర్ బార్డర్‌లో ఉందని నేనే చెబితే రెండు నెలల క్రితం పరుగు మొదలుపెట్టారు. ఆ రోజు షుగర్ రిపోర్టు చూపించడానికి వచ్చి, మాటల్లో కాలినొప్పి సంగతి చెప్పారు. ఆయన కాళ్లకు పన్నెండు వేల రూపాయల ట్రయల్ రన్నింగ్ షూస్ ఉన్నాయి.

"ఇంత మంచి షూస్ కొన్నాక కూడా ఇలా ఎందుకైంది డాక్టర్ గారూ?" అని అడిగారాయన. బయట క్యూ పెద్దగా ఉంది. రెండు ముక్కల్లో జవాబు చెప్పి పంపించాను. ఆయనకు చెప్పలేకపోయినది ఇక్కడ మీకు వివరంగా చెబుతాను. ఎందుకంటే పరుగు మొదలుపెట్టాలనుకునే ప్రతి ఇంట్లోనూ మొదట మాట్లాడుకునేది బూట్ల గురించే. అసలు మాట్లాడుకోవాల్సింది వేరే ఉంది.

ఆయాసం తగ్గిందని మోసపోవద్దు

పరుగు మొదలుపెట్టిన మొదటివారం రెండు నిమిషాలకే రొప్పుతాం. మూడోవారానికి అదే దూరం హాయిగా పరుగెత్తేస్తాం. గుండె, రక్తప్రసరణ కొత్త పనికి త్వరగా అలవాటు పడతాయి. రెండు మూడు వారాల్లోనే ఆ తేడా మనకు తెలుస్తుంది. దాంతో 'ఇంక నాకు తిరుగులేదు' అనిపించి దూరం రెట్టింపు చేస్తాం.

కానీ ఎముకలు, స్నాయువులు అంత వేగంగా మారవు. స్నాయువులంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్లు. అవి గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఎముక సంగతి ఇంకా విచిత్రం. కొత్త బరువు పడినప్పుడు ఎముక ముందు తనలోని పాత భాగాన్ని కొంత కరిగించుకుంటుంది. ఆ తర్వాతే అక్కడ కొత్తది కట్టుకుంటుంది. పాత గోడకు కొత్త గిలాబా వేసే ముందు మేస్త్రి పాతదాన్ని చెక్కేసినట్టే. చెక్కడం కొన్ని వారాల్లో అయిపోతుంది. కొత్తది కట్టుకోవడానికి నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో ఎముక మునుపటికంటే కాస్త బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనకు ఆయాసం తగ్గి హుషారొస్తుంది. పరుగులో ఒక్కో అడుగుకు శరీర బరువుకు రెండు మూడు రెట్ల భారం కాలి మీద పడుతుంది. అరగంట పరుగులో అలాంటి అడుగులు నాలుగు వేలు దాటుతాయి. ఎముక లోపల సన్నని పగుళ్లు వచ్చేది ఇలాగే.

ఇది కొత్త జబ్బేమీ కాదు. సుదీర్ఘంగా కవాతు చేసిన సైనికుల పాదాల్లో వాపునూ నొప్పినీ 1855లోనే ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హౌప్ట్ వర్ణించాడు. ఎక్స్‌రే అప్పటికి ఇంకా పుట్టలేదు. ఆ సైనికులకూ, మా కానిస్టేబుల్ అభ్యర్థికీ, బ్యాంకు ఉద్యోగికీ జరిగింది ఒకటే. కాలు సిద్ధం కాకముందే దాని మీద పని పెరిగిపోయింది.

మరి బూట్లు ఏం చేస్తాయి?

బూట్లు అక్కర్లేదని నేను అనడం లేదు. అవి చేయలేని పని వాటి నుంచి ఆశించవద్దంటున్నాను. పరుగు బూట్లు గాయాలను ఆపుతాయా అన్న ప్రశ్న మీద 12 పరిశోధనలను, 11 వేల మందికి పైగా వివరాలను కలిపి 2022లో కోక్రేన్ సంస్థ సమీక్షించింది. మెత్తని బూటుకూ గట్టి బూటుకూ గాయాల విషయంలో నమ్మదగ్గ తేడా కనబడలేదు. పాదం ఆకారం చూసి 'మీకు ఇదే సరిపోతుంది' అని బూటు సూచించడం వల్ల కూడా పెద్ద ప్రయోజనం తేలలేదు. అందువల్ల దుకాణంలో మీ పాదాన్ని యంత్రం మీద పెట్టి ఖరీదైన జత చూపిస్తే కంగారు పడొద్దు. వేసుకుని నాలుగడుగులు పరుగెత్తి చూడండి. మీ కాలికి హాయిగా ఉన్నదే మీ బూటు.

ట్రయల్ షూస్ సంగతికొస్తే, అవి కొండదారుల కోసం చేసినవి. అడుగున ట్రాక్టర్ టైరులా లోతైన గుబ్బలుంటాయి. ముందుభాగం రాళ్లు తగిలినా తట్టుకునేలా గట్టిగా ఉంటుంది. వికారాబాద్ అనంతగిరి గుట్టల్లోనో, విశాఖ కంబాలకొండ దారుల్లోనో పరుగెత్తేవారికి అవి నిజంగా అవసరం. తారు రోడ్డు మీద మాత్రం ఆ గుబ్బలు త్వరగా అరిగిపోతాయి. తడిసిన నున్నటి రాయి మీద, అపార్ట్‌మెంట్ టైల్స్ మీద జారే ప్రమాదమూ ఉంది. ఎందుకంటే అక్కడ గుబ్బల కొనలు మాత్రమే నేలకు ఆనుతాయి. మా బ్యాంకు ఉద్యోగి పరుగెత్తింది కాలనీ సిమెంటు రోడ్డు మీద. ఆ బూట్లు ఆయనకు హాని చేశాయని అనలేను కానీ, పెట్టిన డబ్బుకు తగ్గ ఉపయోగం మాత్రం లేదు.

బూట్లు సాయంత్రం పూట కొనండి. అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పరుగెత్తేటప్పుడు వేసుకునే సాక్సులతోనే కొలత చూసుకోండి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలి. లేకపోతే దిగుడులో వేళ్లు ముందుకు కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి.

షుగర్ ఉండి పాదాల్లో తిమ్మిరి, మొద్దుబారడం ఉన్నవారికి మాత్రం బూటు నిజంగా ప్రాణంతో సమానం. రాయి గుచ్చుకున్నా, బొబ్బ లేచినా వారికి తెలియదు. అలాంటివారు డాక్టరుకు పాదాలు చూపించకుండా పరుగు మొదలుపెట్టకూడదు. వేసుకునే ముందు బూటు లోపల చెయ్యిపెట్టి చూడాలి. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోవాలి.

ఒక్కరోజు దూకుడే కొంప ముంచుతుంది

వారానికి 10 శాతం చొప్పున పెంచితే గాయాలు రావని పరుగు బృందాల్లో ఒక మాట ఉంది. నెదర్లాండ్స్‌లో కొత్తగా పరుగెత్తేవారి మీద దీన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. అలా నెమ్మదిగా పెంచినవారిలోనూ, మామూలు శిక్షణ తీసుకున్నవారిలోనూ దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి గాయమైంది. అంటే ఆ లెక్క తారకమంత్రమేమీ కాదు.

2025లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఐదు వేల మందికి పైగా రన్నర్ల మీద చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. వెనకటి 30 రోజుల్లో చేసిన అతి పొడవైన పరుగు కంటే, ఏదైనా ఒక్కరోజు పరుగు 10 శాతానికి మించి పెరిగినప్పుడు గాయాలు ఎక్కువయ్యాయి. రెట్టింపు దాటినప్పుడు అందరికంటే ఎక్కువయ్యాయి. నాకు ఇందులో కనిపించేది మన ఆదివారమే. వారమంతా మూడు కిలోమీటర్లు పరుగెత్తి, ఆదివారం స్నేహితులతో కలిసి పదికి దూకుతాం. ఈ తప్పు నేనూ చేశాను. నలభై ఏళ్లు నిండిన ఏడాది తోటి డాక్టర్లు పేరిస్తే నేనూ పదికె పరుగుకు పేరిచ్చాను. అంతకుముందు నేను పరుగెత్తిన అతి ఎక్కువ దూరం నాలుగు కిలోమీటర్లు. ఆ రోజు మెడల్ వచ్చింది. దాంతోపాటు ఐదు నెలల మడమనొప్పీ వచ్చింది.

నేను ఇప్పుడు చెప్పే పద్ధతి ఇది. మొదటి నెల పరుగు వద్దు. వారానికి ఐదు రోజులు, అరగంట చొప్పున వేగంగా నడవండి. నొప్పులేవీ లేకపోతే రెండో నెల నుంచి రోజు విడిచి రోజు ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక. అలా ఎనిమిది సార్లు. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగమే మీ వేగం. రెండు వారాలు ఇబ్బంది లేకపోతే పరుగు రెండు నిమిషాలు చేయండి. ఆగకుండా 25 నిమిషాలు పరుగెత్తడానికి మూడు నాలుగు నెలలు పట్టినా ఫర్వాలేదు. ప్రతి నాలుగోవారం కాస్త తగ్గించండి. వారానికి రెండుసార్లు మడమలు పైకెత్తి దించడం, గుంజీలు, మెట్టెక్కి దిగడం చేయండి.

దూరం, వేగం, ఎత్తు, నేల. ఈ నాలుగింటిలో ఒకసారి ఒక్కటే మార్చండి. మట్టిదారి మెత్తగా ఉంటుంది కాబట్టి కాళ్లకు మంచిదని కొందరు నేరుగా గుట్టలెక్కుతారు. ఎగుడులో పిక్క మీద, మడమ వెనక స్నాయువు మీద భారం. దిగుడులో తొడల మీద, మోకాళ్ల మీద భారం. ఎగుడుదిగుడు నేల మీద చీలమండ మెలిపడుతుంది. గుట్ట మీద కిలోమీటరు, రోడ్డు మీద కిలోమీటరు ఒకటి కావు. అక్కడ కిలోమీటర్లు కాదు, నిమిషాలు లెక్కపెట్టండి. మొదట్లో ఎగుడూ దిగుడూ నడిచే వెళ్లండి.

ఇక్కడ ఆగిపోండి

కండరమంతా పట్టేసినట్టుండి మర్నాటికో ఎల్లుండికో తగ్గిపోయే నొప్పికి భయం లేదు. వేలితో చూపించగలిగేలా ఎముక మీద ఒకే చోట నొప్పి, పరుగెత్తేకొద్దీ పెరిగే నొప్పి, కుంటించే నొప్పి, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే మాత్రం పరుగు ఆపి డాక్టరుకు చూపించండి. ఇలాంటి పగుళ్లు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. 'ఎక్స్‌రే నార్మల్' అన్నారని మళ్లీ పరుగెత్తకండి. అవసరమైతే ఎంఆర్ఐ చేయిస్తారు. ఆడవాళ్లకు పరుగు మొదలయ్యాక నెలసరి తప్పితే తిండి చాలడం లేదని అనుమానించాలి. అది ఎముకకూ ముప్పే.

నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం అన్నింటికంటే పెద్ద తప్పు. నొప్పి చెప్పే హెచ్చరిక మీకు వినబడదు. పైగా చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఇక నలభై దాటినవారు, బీపీ, షుగర్, పొగతాగే అలవాటు, ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఉన్నవారు మొదలుపెట్టే ముందే పరీక్ష చేయించుకోండి. పరుగులో ఛాతీ బిగిస్తే ఆ రోజే ఆసుపత్రికి రండి.

కాలు మానింది కానీ...

బ్యాంకు ఉద్యోగి కాలు రెండు నెలలకు మానింది. కానీ ఆయన మళ్లీ గ్రౌండ్‌కు వెళ్లలేదు. "పరుగు నా ఒంటికి పడదు డాక్టర్ గారూ" అన్నారు. నడక కూడా మానేశారు. మొన్న చూస్తే షుగర్ బార్డర్ దాటింది. ఎముక పగులు కంటే నాకు ఎక్కువ దిగులు కలిగించేది ఇదే. పరుగు ఆయన ఒంటికి పడకపోవడం కాదు. పరుగు అలవాటు కావడానికి ఆయన ఒంటికి సమయం ఇవ్వలేదు. ఇప్పుడాయన చేత మళ్లీ నడక మొదలుపెట్టించాను. రోజుకు పది నిమిషాలే.

కుర్రాడిది ఇంకో కథ. పరుగు ఆపమన్నప్పుడు, "ఈవెంట్స్ మూడు వారాల్లో ఉన్నాయి సార్" అన్నాడు. ఏం చెప్పను? పోయిన నెలలు వాడికి నేను తెచ్చివ్వలేను కదా. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే నోటిఫికేషన్ కోసం ఎదురుచూడనివ్వకండి. పుస్తకం పట్టిన రోజునే వారానికి మూడు రోజుల పరుగు కూడా మొదలుపెట్టించండి.

మిగతావాళ్లకు గుర్తుండాల్సిన లెక్క ఒకటే. పెద్దవాళ్లకు వారానికి 150 నిమిషాల వేగమైన నడకో, 75 నిమిషాల పరుగో చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు 25 నిమిషాలు, వారానికి మూడు రోజులు. హాఫ్ మారథాన్ మీ సరదా, దాన్ని నేను కాదనను. ఆరోగ్యానికి మాత్రం ఈ 25 నిమిషాలు చాలు. వాటిని అందుకోవడానికి ఆరు నెలలు తీసుకోండి. పరుగు నేర్చుకోవడానికి తొందరేముంది? అరవైలోనూ పరుగెత్తాలి కదా!

– ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడు, ఎంబీబీఎస్, ఎండీ