గోలీలు మానమన్నది దేవుడు కాదు

మా మేనత్త బైబిలుకు జిప్పు కవరు ఉండేది. దాని లోపలి అరలో ఆమె షుగర్ గోలీల షీట్లు రెండు దొరికాయి. ఒక్క గోలీ కూడా తియ్యలేదు. అప్పటికే కుడికాలి బొటనవేలు నల్లబడింది. అంతకు నాలుగు నెలల ముందు దేవరకొండ అవతల పల్లెలో మూడు రాత్రుల కూటాలు జరిగాయి. చివరి రాత్రి నుదుటికి తైలం రాసిన సేవకుడు, దేవునికి సంపూర్ణంగా అప్పగించుకున్నవాళ్లకు ఇక గోలీలతో పని లేదని మైకులో చెప్పాడు. ఆమె అప్పగించుకుంది. హైదరాబాదులో మోకాలి కింద కాలు తీసేశారు.

ఆసుపత్రి మంచం మీద ఆమె కాలు గురించి ఒక్క మాట అనలేదు. "నా ఇశ్వాసం యాడ తక్కువైంది బిడ్డా?" అని మాత్రం అడిగింది. నేను ఇది రాస్తున్నది ఆ ప్రశ్న కోసమే. అత్తా, నీ విశ్వాసం ఎక్కడా తక్కువ కాలేదు. నీకు చెప్పిన బోధే తప్పు.

ఆ బోధ ఇప్పుడు నల్లగొండ, పాలమూరు సంఘాల్లో బాగా పాతుకుపోయింది. ఏ ఉపవాస ప్రార్థనకు వెళ్లినా, ఫోనులో ఏ సందేశం పెట్టుకున్నా "వదిలెయ్, దేవుడు చూసుకుంటాడు" అన్న మాటే. మాట వరకు మంచిదే. కానీ దానికి మూడు మెలికలు వేశారు. వదిలెయ్యడమంటే చేయాల్సిన పని మానుకోవడమట. అలా వదిలేస్తే కోరుకున్నది జరిగి తీరుతుందట. జరగకపోతే నేరం నీ విశ్వాసానిదట. ఈ మూడింటికీ వాక్యంలో చోటు లేదు.

పని మానడం సంగతి ముందు చూద్దాం. పౌలు ఎక్కిన ఓడ తుఫానులో చిక్కింది. ఒక్క ప్రాణం కూడా పోదని దేవదూత ద్వారా అతనికి ముందే తెలిసింది. అంతకన్నా గట్టి హామీ ఎవరికి దొరుకుతుంది? అయినా నావికులు చిన్న పడవ దించుకుని జారుకోబోతుంటే, వీళ్లు ఓడలో లేకపోతే మీరెవరూ బతకరని శతాధిపతిని హెచ్చరించింది ఆ పౌలే. తెల్లవారబోతుండగా ఓడలోని 276 మందినీ తిండి తినమని బతిమాలిందీ అతనే. దేవుని మాట నెరవేరేది ఓడ నడపడం తెలిసిన ఆ చేతుల మీదుగానేనని అతను గ్రహించాడు. నెహెమ్యా ప్రార్థన చేశాడు, గోడకు కాపలా కూడా పెట్టాడు. హిజ్కియా బతుకుతాడని దేవుని కబురు తెచ్చిన యెషయాయే పుండు మీద అంజూరపు ముద్ద కట్టమన్నాడు. దేవాలయ శిఖరం నుంచి దూకు, దూతలు పట్టుకుంటారని యేసుతో అన్నది ఎవరో మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. గోలీలు మానెయ్, దేవుడు పట్టుకుంటాడన్న మాట ఆ నోటి నుంచి వచ్చిన మాట లాంటిదే.

ఇక జరిగి తీరుతుందన్న హామీ. గెత్సేమనే తోటలో యేసు ఆ గిన్నె తొలగించమని తండ్రిని వేడుకున్నాడు, నిర్ణయం మాత్రం తండ్రికే విడిచాడు. గిన్నె తొలగలేదు. తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని పౌలు మూడుసార్లు ప్రార్థించాడు. ముల్లు పోలేదు, దాన్ని మోయడానికి చాలినంత కృప దొరికింది. వీళ్ల విశ్వాసం చాలలేదని అనే ధైర్యం ఎవరికుంది? ఏం జరగాలో మనమే ముందు రాసిపెట్టి, కింద సంతకం చెయ్యమని దేవుణ్ణి అడగడం అప్పగింపు ఎలా అవుతుంది? అది ప్రామిసరీ నోటు. పెత్తనం వదిలామని చెప్పుకుంటూ దేవుని మెడకే పలుపు వేయడం.

మన సంఘాలు పుట్టింది ఇలాంటి బోధలో కాదు. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండలో పని మొదలుపెట్టాడు. అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్‌వాళ్లు పాలమూరు వైపు నాగర్‌కర్నూల్, వనపర్తి లాంటి చోట్ల స్థిరపడ్డారు. వాళ్లలో డాక్టర్ కాథరినా షెల్లెన్‌బర్గ్ 1907లో ఈ దేశానికి వచ్చి, 1945లో శంషాబాదులో కన్నుమూసేదాకా వైద్యం చేసింది. తర్వాత జడ్చర్లలో మిషన్ ఆసుపత్రి లేచింది. మన తాతలకు బాప్తిస్మం ఇచ్చిన సంఘమే దవాఖానా కూడా కట్టించింది. మందు ఇవ్వడం అవిశ్వాసమైతే ఆ మిషన్ పనంతా అవిశ్వాసమే అనాలి.

అన్నింటికన్నా క్రూరమైనది మూడో మెలిక, నేరమంతా బాధపడేవాళ్ల మీద మోపడం. మర్రిగూడ, మునుగోడు వైపు మనుషులు తరాల తరబడి ఫ్లోరైడు నీళ్లు తాగారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితేనే ముప్పు అనే ఆ విషం బోర్లలో నుంచి ఇంటింటికీ చేరింది. పళ్లు గారపట్టాయి, నడుములు వంగాయి, పిల్లల కాళ్లు వంకర తిరిగాయి. అలాంటి బిడ్డను ఒళ్లో పెట్టుకుని వచ్చిన తల్లితో నీ ఇంట్లో ఏదో పాపముంది, ఇంకా పూర్తిగా అప్పగించుకోలేదు అంటే ఆమె ఎక్కడికి పోవాలి? పుట్టు గుడ్డివాణ్ణి చూపించి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, ఇతనిదీ కాదు, కన్నవాళ్లదీ కాదన్నాడు యేసు. అని ఊరుకోలేదు. బురద చేసి కళ్లకు పూశాడు, కోనేటికి పోయి కడుక్కోమని పంపాడు.

నల్లగొండ జబ్బు ఉన్నదీ నీళ్లలోనే. అందుకే 1996 ఎన్నికల్లో, మంచినీళ్ల కోసం కొట్లాడుతున్న జలసాధన సమితి పిలుపుతో జనం వందల్లో నామినేషన్లు వేశారు. నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలబడ్డారు. ఓటు పత్రం పుస్తకమంత అయ్యింది, దేశం తలతిప్పి చూసింది. పటికతో, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచం నల్లగొండ పేరే పెట్టుకుంది. చివరకు మిషన్ భగీరథ పైపుల్లో నది నీళ్లు ఊళ్లకు వచ్చాయి. ఆ నల్లా తిప్పిన తల్లి "స్తోత్రం ప్రభువా" అంటే ఆ స్తోత్రం సరైనదే. ఆమె ప్రార్థనకు జవాబు ఆ పైపులోనే వచ్చింది. జనం కొట్లాడకుండా చేతులు ముడుచుకుని ఉంటే ఆ పైపు ఎక్కడిది?

నా మాటకు అడ్డుచెప్పేవాళ్లున్నారు. రేపటి గురించి చింతించవద్దని, ఆకాశపక్షులను చూడమని ప్రభువే చెప్పాడు కదా అంటారు. చెప్పాడు. కానీ ఆ పక్షి పొద్దున్నే గూడు విడిచి మేతకు పోతుంది. ఆయన వద్దన్నది చింతను, పనిని కాదు. ఆసుపత్రికి పోయే స్తోమత లేనివాళ్లకు ప్రార్థన తప్ప దిక్కేముందని కూడా అడుగుతారు. ఈ ప్రశ్నకు నేను తల వంచుతాను. బొంబాయి బస్సెక్కే కొడుకు వెనుక మనవలను పెట్టుకుని మిగిలిపోయే పాలమూరు ముసలమ్మ చేతిలో నిజంగానే ఏమీ లేదు. ఆమె ప్రార్థన ముందు నా చదువు చిన్నది. అయితే ఆమె చేతిలో ఏమీ లేనప్పుడు ఇంకా ఏం వదలమంటాం? సంఘం ఆమెకు బాకీ పడింది సలహా కాదు, దవాఖానాకు ఆటో కిరాయి. మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోశాడు, తన పశువు మీద ఎక్కించాడు, సత్రంలో రెండు దేనారాలు కట్టి, మీదపడే ఖర్చు తిరుగు దారిలో ఇస్తానన్నాడు.

పెత్తనం వదలాల్సింది మైకు పట్టుకున్నవాళ్లు. ఎవరికి నయమవుతుందో, ఎవరి విశ్వాసం ఎంతో తూచే తక్కెడ దేవుడు వాళ్ల చేతికి ఇవ్వలేదు.

అప్పగింపు అంటే ఏమిటో మన మెట్ట రైతుకు తెలుసు. ఎండాకాలంలోనే దుక్కి దున్నుకుంటాడు. విత్తనం సిద్ధం చేసుకుంటాడు. మిరుగం వచ్చాక మొగులు వైపు చూస్తాడు. వాన తన చేతిలో లేదని అతనికి ఎవరూ బోధించక్కర్లేదు. అయినా నాగలి కట్టడం మానడు. వాన రాని ఏడు, నా దుక్కిలో పాపముందని అనుకోడు. విత్తినవాడు పడుకుని లేస్తుండగానే తనకు తెలియకుండా మొలక లేస్తుందని యేసు చెప్పిన ఉపమానంలో ఉన్నది ఈ రైతే. విత్తడం అతనిది, మొలిపించడం దేవునిది. ఈ గెట్టు చెరిపితే అటు విశ్వాసమూ మిగలదు, ఇటు చేనూ మిగలదు.

మా మేనత్త ఇప్పుడు రోజూ ఇన్సులిన్ సూది వేసుకుంటుంది. సూది చేతిలో పట్టుకుని కళ్లు మూసుకుంటుంది, పెదాలు కదులుతాయి, తర్వాత పొడుచుకుంటుంది. అప్పగింపు మీద అంతకన్నా మంచి ప్రసంగం నేను వినలేదు. మన పాస్టర్లను అడిగేది ఒక్కటే. వచ్చే ఆదివారం ప్రార్థనకు చేతులెత్తమనే ముందు ఒక మాట చెప్పండి: "పొద్దుటి గోలీలు వేసుకున్నారా అమ్మా? వేసుకోనివాళ్లు ఇప్పుడే వేసుకోండి, ఆగుతాం."