తెర ముందు కూర్చునే వారికి రక్షణ ఏదీ?

జిల్లాలో ఏ పల్లెకు వెళ్లినా కంప్యూటరు ముందు కూర్చుని జీతం తెచ్చుకునే వారు ఇప్పుడు కొందరైనా కనిపిస్తారు. 2011లో మీసేవ కేంద్రాలు వచ్చాయి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. కుల ధ్రువపత్రం కావాలన్నా, పింఛను దరఖాస్తు పెట్టాలన్నా, అడంగల్ నకలు తీయించాలన్నా ఆ తెర ముందున్న అమ్మాయో అబ్బాయో వేళ్లు ఆడించందే పని జరగదు. పొద్దున కూర్చున్న మనిషికి వరుసలో జనం ఉన్నంతసేపూ లేవడానికి వీలుండదు. సర్వరు మొరాయించిన రోజున చీకటి పడ్డాక గాని అసలు పని మొదలు కాదు.

ఈ పనిలో ప్రమాదమేముంది, నీడపట్టున పంకా కింద కూర్చునే ఉద్యోగమే గదా అని చాలామంది అంటారు. ఎండలో కోత కోసే కూలీలకు, తాటిచెట్టెక్కే గీత కార్మికులకు లేని బాధ వీరికేమిటని అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. చెట్టు మీది నుంచి పడితే ప్రాణం పోతుంది, తెర ముందు కూర్చుంటే పోదు. అయితే ఈ నష్టం కంటికి కనబడకుండా కొద్దికొద్దిగా పేరుకునేది. మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా పడే కనురెప్ప తెరను చూస్తున్నప్పుడు అందులో సగం కూడా పడదు. కంటి తడి ఆరి మంట పుడుతుంది. సాయంత్రానికి అక్షరాలు అలికినట్టవుతాయి. మెడ, నడుము, మణికట్టు పట్టేస్తాయి. తెర వెలుగుకు చూపే పోతుందన్న భయానికి మాత్రం ఆధారం లేదు. నీలి కాంతిని ఆపుతాయంటూ దుకాణాల్లో అమ్మే కళ్లద్దాల వల్ల కంటి అలసట తగ్గే సూచన కనబడలేదని, అనేక పరిశోధనలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2023లో తెలిపింది. వాటికి డబ్బు పోయడం దండగ. కావలసినవి సరైన కుర్చీ, తగిన వెలుతురు, మధ్యమధ్య విరామం, అప్పుడప్పుడు కంటి పరీక్ష.

ఈ నాలుగింటినీ ఐరోపా దేశాలు ఎప్పుడో చట్టానికి ఎక్కించాయి. తెర ముందు పనిచేసే వారి భద్రతకు అక్కడి దేశాల కూటమి 1990 మే 29న ఆదేశం జారీ చేసింది. బ్రిటన్ 1992లో నిబంధనలు తయారు చేసి, 1993 జనవరి 1 నుంచి అమలులో పెట్టింది. ఇక్కడి నుంచి వెళ్లి లండన్‌లో ఉద్యోగం చేస్తున్న తెలుగు పిల్లలకూ అవే వర్తిస్తాయి. రోజూ గంటకు తగ్గకుండా ఏకబిగిన తెర ముందు పనిచేసే ఉద్యోగి అడిగితే కంటి పరీక్ష ఖర్చు యజమానే భరించాలి. ఆ పనికోసమే ప్రత్యేకంగా అద్దాలు కావలసి వస్తే వాటి ఖర్చూ ఆయనదే. కుర్చీ ఎత్తు మార్చుకోవడానికి వీలుండాలి. తెర మీద కిటికీ వెలుగు పడి మెరవరాదు. రెండు గంటలకొకసారి 20 నిమిషాలు ఇచ్చే కంటె, గంటకు 5 నుంచి 10 నిమిషాలు లేవనివ్వడం మేలని అక్కడి భద్రతా శాఖ చెబుతుంది.

రుమేనియాలో ప్రభుత్వ కార్యాలయ ఉద్యోగి ఒకరు కళ్లద్దాల ఖర్చు ఇవ్వలేదని కోర్టుకెక్కారు. ఆ వివాదంలో ఐరోపా న్యాయస్థానం 2022 డిసెంబరు 22న తీర్పు చెప్పింది. తెర పనిలో వచ్చే చూపు ఇబ్బంది కోసమే వాడే అద్దాలైతే యజమాని వాటిని ఇవ్వాలి, లేదా ఖర్చు తిరిగి చెల్లించాలి. జీతంలో ఏదో భత్యం కలుపుతున్నాం గదా అంటే చెల్లదు. అక్కడ యజమాని ప్రభుత్వమేనన్నది గమనార్హం.

ఇక ఇక్కడి సంగతి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోకి కంప్యూటరు మాట 1987 సవరణతో వచ్చింది. అది వచ్చింది పనివారి రక్షణకు కాదు. కంప్యూటరు పెట్టినంత మాత్రాన ఆ చోటు ఫ్యాక్టరీ అయిపోదని చెప్పడానికి! 2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి అమలులోకి వచ్చింది. అందులో ఉచిత వైద్య పరీక్షల వంటి మంచి మాటలున్నాయి. కాని అది సాధారణంగా 10 మంది లేదా అంతకు మించి పనివారున్న సంస్థలకే వర్తిస్తుంది. ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించదని అందులోనే రాసి ఉంది. మీసేవ కేంద్రంలో ఉండేది ఇద్దరో ముగ్గురో. సచివాలయం చూస్తే ప్రభుత్వ కార్యాలయం. రెండు సర్వే నంబర్ల మధ్య ఎవరి లెక్కలోకీ రాని గట్టు లాగా ఈ పల్లె ఉద్యోగులు మిగిలిపోయారు. ఇది శోచనీయం.

ఇదంతా ఉద్యోగుల గోడేనని రైతులు ఊరుకుంటే వారికే నష్టం. కళ్లు అలికిన వేళ సర్వే నంబరులో 3 బదులు 8 పడితే, దాన్ని సరిచేయించుకోవడానికి మండలాఫీసు చుట్టూ తిరగవలసింది రైతే.

చట్టం వచ్చేదాకా ఆగనవసరం లేని పనులు కొన్ని ఉన్నాయి. చాలాచోట్ల తెర కిటికీకి ఎదురుగా ఉంటుంది. బల్లను పక్కకు తిప్పి కిటికీ ప్రక్కన పడేలా చేస్తే సరిపోతుంది. తెర పై అంచు కంటి ఎత్తుకు రావాలి. దాని కింద రెండు పాత రిజిస్టర్లు పెట్టినా వస్తుంది. చేయి చాపితే వేళ్లు తగిలేంత దూరంలో ఉంటే మంచిది. పెళ్లిళ్లకు వేసే ప్లాస్టిక్ కుర్చీ తీసేసి, నడుముకు ఆనేది, ఎత్తు మారేది ఒకటి కొనడం పంచాయతీకి భారం కాదు.

విరామం దగ్గరే పేచీ వస్తుంది. జనం నిలబడి ఉండగా వాళ్లు లేచి తిరుగుతారా అని వరుసలోని వారు కసురుకుంటారు. అరక కట్టిన రైతు ఎండ ముదిరేసరికి ఎడ్లను విప్పుతాడు. మర్నాడు మళ్లీ కట్టాలని ఆయనకు తెలుసు. వచ్చిన వారికి చీటీలు ఇచ్చి నీడన కూర్చోబెడితే, గంటకు ఐదు నిమిషాలు కౌంటరు ఆగినా ఎవరి వంతూ పోదు.

కంటి పరీక్ష బాధ్యతను జిల్లా అధికారులు తీసుకోవలసి ఉంది. ఊళ్లో కంటి శిబిరం పెట్టినప్పుడు శుక్లాల వృద్ధులతో పాటు సచివాలయం, మీసేవ సిబ్బంది పేర్లు కూడా రాయించాలి. శిబిరాలు జరిగేది పనివేళల్లోనే గనుక, ఆ రోజు కౌంటరు ఒక గంట మూసి ఉంటుందని ముందురోజే తలుపు మీద కాగితం అంటించాలి.