పిల్లల చదువు: ముగింపు మాట



కథ చెప్పు తల్లికి ముగింపునుగూర్చి చింత లేదు. “కథ కంచికి, మనమింటికి” అనిన చాలును, బిడ్డ నిద్రించును. కాని యా బిడ్డయే బడికి పోయి ఆవునుగూర్చియో చెరువునుగూర్చియో పది వాక్యములు వ్రాయవలసివచ్చినపుడు కంచి యక్కఱకు రాదు. తెలిసిన సంగతులన్నియు వరుసగా వ్రాసి, చివర “ఇంతే” యని కలము పడవేయును. లేదా “కావున ఆవు చాల మంచిది” యని వ్రాసి లేచిపోవును. ఆవునకైనను, అరటిచెట్టునకైనను, రైలుబండికైనను ఆ ముగింపొక్కటే!

ఇది చిన్న లోపమని త్రోసివేయరాదు. తాను చెప్పిన మాటలవలన తేలినదేమో చెప్పలేని బిడ్డ, ఇతరులు చెప్పిన మాటలవలన తేలునదేమో కనుగొనుటకును తడబడును. రేపు పెద్దయై ప్రకటనలు, ఉపన్యాసములు, వార్తలు వినునపుడు “అయితే నేమి తేలినది?” అని తన్ను తాను ప్రశ్నించుకొను నలవాటే ఆ బిడ్డకు రక్ష.

హైదరాబాదునకు పడమటనున్న పుప్పాలగూడను చూడుడు. ఒకప్పుడిది పొలములు, బండలు గల పల్లె. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట కంప్యూటరు కొలువులు పడమటి పల్లెలవైపు ప్రాకినవి. నేడిచ్చట మేడలు మింటినంటుచున్నవి. తలిదండ్రులిరువురును కొలువులకు పోవు నిండ్లెన్నియో కలవు. బడిచదువు తఱుచుగా ఆంగ్లములో సాగును. 2018 నాటి చట్టము తెలంగాణపు బడులలో తెలుగును తప్పనిసరి పాఠముగా చేసినది గాన, తెలుగు వ్యాసమును వ్రాయక తీరదు. అపుడు ముగింపును గైడు పుస్తకమునుండి దింపుకొనుటయో, యంత్రము నడిగి తెచ్చుకొనుటయో సులభమైపోయినది. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలనిరి. సంగతులను పుస్తకమునుండి గ్రహింపవచ్చును గాని, వానివలన కలిగిన తలంపు బిడ్డదే కావలెను.

ఆ యూరికి చేరువనే గండిపేట చెరువున్నది. ఎనిమిదేండ్ల బాలిక దానినిగూర్చి యిట్లు వ్రాసినదనుకొందము: “1908లో మూసీనదికి పెద్ద వరద వచ్చెను. ఇండ్లు కొట్టుకొనిపోయెను. విశ్వేశ్వరయ్యగారి సలహాపై నదికి అడ్డుగా కట్ట కట్టిరి. 1920లో చెరువు పూర్తియయ్యెను. దానికి ఉస్మాన్ సాగరమని పేరు. ఆ నీటిని నగరమునకు త్రాగుట కిచ్చిరి.” సంగతులు బాగున్నవి. ఇక ముగింపు?

కలము పట్టించుటకు ముందు నోటితో మూడు ప్రశ్నలడుగుడు. మొదటిది: “ఇంతసేపు దేనినిగూర్చి చెప్పితివమ్మా?” రెండవది: “ఇందులో నీ తమ్ముడు మఱచిపోరాని మాట యేది?” మూడవది: “అయితే మనమేమి చేయవలెను?” బాలిక చెప్పిన యుత్తరములనే కూర్చి వ్రాయుమనుడు: “నగరమును వరదనుండి కాచుటకును, జనులకు త్రాగునీరిచ్చుటకును గండిపేట చెరువును కట్టిరి. కావున మనమా నీటిలో చెత్త వేయరాదు.” రెండే వాక్యములు, కాని పైని చెప్పిన దంతయు నందులో నిమిడినది.

కొన్ని జాగ్రత్తలు వలయును. ముగింపులో క్రొత్త సంగతి తేరాదు. చెరువులోని చేపలు జ్ఞప్తికి వచ్చినచో వానిని నడుమ చేర్చవలెను. మొదటి వాక్యమునే మరల వ్రాయుట ముగింపు కాదు. ప్రతి వ్యాసమునకును నీతి నతికింపనక్కఱలేదు. ఇడ్డెనలు వండు విధము వ్రాసినపుడు మూడవ ప్రశ్నను విడిచి, “పిండి చక్కగా పులిసిననే ఇడ్డెనలు మెత్తనగును” అనిన చాలును. ఆఱేండ్ల బిడ్డకు మొదటి ప్రశ్నయే చాలును. మఱియు తల్లి తాను ముగింపు చెప్పి వ్రాయింపరాదు. బిడ్డ మాట వంకరయైనను అది బిడ్డ మాట.

ఇది పరాయి విద్య కాదు. శాస్త్రగ్రంథముల తాత్పర్యము నిర్ణయించుటకు మన పూర్వు లుపక్రమోపసంహారములను సరిపోల్చి చూచెడివారు. వేమన పద్యములందు పెక్కింట మొదటి రెండు పాదములలో పోలిక యుండును. మూడవ పాదమున తేలిన మాట యుండును. ఉప్పును కర్పూరమును ఒక్కతీరుగా కనబడుననియు, రుచులు వేఱనియు చెప్పి, పిమ్మటనే గదా మనుష్యులమాట యెత్తినాడు! పద్యము వచ్చిన బిడ్డను ఆ మూడవ పాదమెందులకని యడుగుడు.

కొలువునుండి అలసి వచ్చిన తల్లికి వేఱే వేళ దొరకదేని, అన్నము పెట్టునపుడు “ఈదినము బడిలో జరిగిన దంతయు నొక్క మాటలో చెప్పుము” అని యడిగిన చాలును. ఇంట నవ్వ యున్నచో ఆమె యడుగవచ్చును. దీనికి పలక యక్కఱలేదు. బిడ్డ చెప్పువఱకు వేచియుండు నోర్పు కావలెను.

వచ్చు మాసమున వ్యాసమునకు మొదటి వాక్యము నెట్లు వ్రాయింపవలెనో ముచ్చటింతము.