బ్యాగుల కాపలాకు పూర్తి టికెట్టా?

సెలవుల్లో ఏదైనా థీమ్‌ పార్కుకు వెళ్లినప్పుడు ఓసారి రైడ్ల పక్కనున్న నీడల్లోకి చూడండి. అక్కడ ఓ తాతయ్యో నానమ్మో కూర్చుని ఉంటారు. ఒళ్లో రెండు బ్యాగులు, కాళ్ల దగ్గర నాలుగు జతల చెప్పులు, చేతిలో మనవడి కళ్లజోడు. పిల్లలు దిగి వచ్చేదాకా అక్కణ్నుంచి కదలడానికి లేదు. చాలాచోట్ల వారికీ మీతో సమానంగా పూర్తి టికెట్టే.

అరవై దాటినవారికి ఈ పార్కుల్లో ధర తగ్గించాలా? తగ్గించాలనే మా మాట. ఇందుకు జాలి అక్కర్లేదు, మామూలు లెక్క చాలు. పార్కుకు అసలు ఆకర్షణ రైడ్లే. రోలర్‌ కోస్టర్‌ దగ్గరున్న బోర్డు చదివితే గుండె జబ్బు, అధిక రక్తపోటు, వెన్నునొప్పి ఉన్నవారు, ఈమధ్య ఆపరేషన్‌ అయినవారు ఎక్కవద్దని కనిపిస్తుంది. ఆ వయసులో వీటిలో ఏదో ఒకటి లేనివారు ఎందరుంటారు? పిల్లల ఎత్తు కొలిచి మరీ ధర తగ్గించే పార్కులకు ఈ న్యాయం తెలియనిదేమీ కాదు. కొన్ని పార్కులు ఇప్పటికే పెద్దలకు కొంత తగ్గిస్తున్నాయి. మిగతావీ ఆ దారి పట్టాలి.

రైళ్లలో పురుషులకు 60 ఏళ్లు దాటితే 40 శాతం, మహిళలకు 58 దాటితే 50 శాతం ఉన్న రాయితీనే 2020 మార్చిలో ఆపేశారు కదా, ప్రైవేటు పార్కులు ఎందుకివ్వాలని అడగొచ్చు. రైల్లో పెద్దాయన అందరిలాగే బెర్తు మొత్తం వాడుకుంటారు. పార్కులో ఆయన వాడుకునేది ఒక బెంచీ. (ఆ రైలు రాయితీ తిరిగి రావాలన్నది వేరే మాట.) డబ్బున్న పెద్దలు లేరా అంటే, ఉన్నారు. నిన్నగాక మొన్న రిటైరై, కొడుకు కన్నా ముందే నీళ్లలోకి దూకేవారూ ఉన్నారు. వారికో నాలుగు వందలు మిగిలితే పార్కు మునిగిపోదు. మరోవైపు, ఈపీఎఫ్‌ పింఛను పథకంలో 2014లో ఖరారు చేసిన కనీస పింఛను నెలకు 1,000 రూపాయలు. నగర శివార్లలోని పెద్ద పార్కుల్లో ఒక్కరోజు టికెట్టే అంతకు మించుతోంది.

ఆరోగ్యం పేజీల్లో టికెట్ల గొడవేమిటని మీకు అనిపించవచ్చు. ‘నేనెందుకురా, మీరు వెళ్లిరండి’ అని మీ అమ్మ అన్నప్పుడు నిజంగానే ఓపిక లేక అన్నదో, తన టికెట్‌ డబ్బులు మనసులో లెక్కేసుకుని అన్నదో ఒక్కసారి ఆలోచించండి. చాలాసార్లు రెండోదే. ఆ రోజంతా ఆమె ఇంట్లో ఒంటరిగా టీవీ ముందు కూర్చుంటుంది. ఏళ్ల తరబడి ఒంటరితనం గుండె జబ్బు, పక్షవాతం, కుంగుబాటు, మతిమరుపు ముప్పుల్ని పెంచుతుందని వైద్యులు చెబుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఈ సమస్య మీద ప్రత్యేకంగా ఒక కమిషన్‌నే వేసింది. పార్కుకు ఒక్కసారి తీసుకెళ్తే అంతా నయమైపోదు. కానీ ‘నేనెందుకు’ అనడం అలవాటైతే పెళ్లికీ అదే మాట, గుడికీ అదే మాట.

పనిరోజుల్లో మాత్రమే రాయితీ అంటే కుదరదు. పిల్లలకు బడి, మీకు ఆఫీసు ఉన్న బుధవారం నాడు పెద్దాయన ఒక్కరే వెళ్లి ఏం చేస్తారు? ఆదివారాలకూ సెలవులకూ వర్తించాలి.

ధర తగ్గించి ఎండలో నిలబెడితే మాత్రం అది మేలు కాదు. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. బీపీ కోసం మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వేసుకునేవారికి ఒంట్లో నీరు ఇంకా త్వరగా తగ్గిపోతుంది. దగ్గర్లో మరుగుదొడ్డి లేదని నీళ్లు తాగడమే మానేసేవారూ ఉన్నారు. అందుకే కొద్ది దూరానికో కుర్చీ, నీడ, తాగునీరు, మెట్లు లేని శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. నీళ్ల ఆటల దగ్గర తడి నేల మీద జారితే తుంటి ఎముక విరిగి నెలల తరబడి మంచాన పడాల్సి రావచ్చు. పట్టుకోవడానికి కడ్డీలు, జారని నేల అక్కడ తప్పనిసరి. బయటి తిండి తేవద్దన్న నియమం ఒకటుంది. ఇన్సులిన్‌ తీసుకునేవారికి భోజనం గంట ఆలస్యమైతే చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. వారి డబ్బా గేటు దగ్గర ఆపడం ప్రమాదకరం. రామోజీ ఫిల్మ్‌సిటీలో సందర్శకులను బస్సులో కూర్చోబెట్టి తిప్పుతారు. మిగతాచోట్ల కనీసం నాలుగు బ్యాటరీ బండ్లయినా ఉంటే మోకాళ్ల నొప్పులవారూ పార్కంతా చూడగలుగుతారు.

బ్యాగులకు లాకర్‌ తీసుకోండి. ఎండ తగ్గాక, మీలో ఒకరు రైడ్‌ మానుకుని పెద్దవారితో నెమ్మదిగా ఓ అరగంట నడవండి. టికెట్లు బుక్‌ చేసేముందే పార్కుకు ఫోన్‌ చేసి, అరవై దాటినవారికి ధరెంత, మందులూ టిఫిన్‌ డబ్బా లోపలికి రానిస్తారా, చక్రాల కుర్చీ ఇస్తారా అని అడగండి. రాయితీ లేదంటే ఎందుకు లేదో కూడా అడగండి. ఉందంటే వయసు చూపే గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. ఇన్సులిన్‌ను మాత్రం ఎండలో ఆపిన కారులో వదలకండి, వేడికి పాడవుతుంది.